జెల్ మీద ఒకే బ్యాండ్ వచ్చింది, కానీ అది ఏ కాపీది? వేరుశనగ లాంటి జీనోమ్‌లలో ప్రైమర్ డిజైన్ టూల్స్ వాడే పద్ధతి

ఇవాళ్టి ఎపిసోడ్ ముఖ్యంగా బయోటెక్నాలజీ, అగ్రికల్చర్, జెనెటిక్స్ చదువుతున్నవాళ్ల కోసం. అయితే కోవిడ్ టైంలో ముక్కులో పుల్ల పెట్టించుకున్న ప్రతి ఒక్కరికీ ఆర్‌టీ-పీసీఆర్ అనే మాట తెలుసు కాబట్టి, మిగతావాళ్లు కూడా హాయిగా ఫాలో అవ్వొచ్చు.

ముందు ఒక ప్రశ్న. మీరు పీసీఆర్ చేశారు. జెల్ మీద ఒకే ఒక బ్యాండ్, నీట్‌గా, అనుకున్న సైజులోనే వచ్చింది. పని అయిపోయినట్టేనా? వరిలో అయితే చాలాసార్లు అయిపోయినట్టే. వేరుశనగ, పత్తి, గోధుమల్లో మాత్రం అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. ఎందుకో, దానికి ఏ సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో ఈరోజు చూద్దాం.

పీసీఆర్ ఒక్క నిమిషంలో

పీసీఆర్ అంటే డీఎన్‌ఏలో మనకు కావాల్సిన చిన్న ముక్కని కోట్ల కాపీలుగా పెంచే పద్ధతి. 1983లో కేరీ మల్లిస్‌కి ఈ ఐడియా వచ్చింది, 1993లో దానికే కెమిస్ట్రీ నోబెల్‌లో వాటా వచ్చింది. డీఎన్‌ఏని 95 డిగ్రీల దగ్గర వేడి చేస్తే రెండు పోగులు విడిపోతాయి. 55, 60 డిగ్రీలకి చల్లార్చితే ప్రైమర్లు తమకు సరిపడే చోట అతుక్కుంటాయి. 72 డిగ్రీల దగ్గర టాక్ పాలిమరేజ్ అనే ఎంజైమ్ ఆ ప్రైమర్ చివర నుంచి కొత్త పోగు అల్లుకుంటూ పోతుంది. ఇది ఒక సైకిల్. ప్రతి సైకిల్‌కీ కాపీలు రెట్టింపు. 30 సైకిళ్లు అయ్యేసరికి, లెక్క ప్రకారం ఒక్క కాపీ 107 కోట్లు అవుతుంది.

ఇక్కడ ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఎంజైమ్ అల్లిక మొదలుపెట్టేది ప్రైమర్ త్రీ ప్రైమ్ చివర నుంచి. నేను దాన్ని తోక అని పిలుస్తాను. ప్రైమర్ మధ్యలో ఒక అక్షరం కలవకపోయినా పని చాలావరకు నడిచిపోతుంది. తోక చివరి అక్షరం కలవకపోతే మాత్రం ఎంజైమ్‌కి పట్టు దొరకదు, కాపీలు బాగా తగ్గిపోతాయి. ఈ ఎపిసోడ్ మొత్తం ఈ ఒక్క విషయం మీదే నిలబడి ఉంటుంది.

20 అక్షరాలు చాలవా?

ప్రైమర్ అంటే సుమారు 20 అక్షరాల డీఎన్‌ఏ ముక్క. అక్షరాలు నాలుగే: ఏ, టీ, జీ, సీ. నాలుగు అక్షరాలతో 20 స్థానాలు నింపితే సుమారు 1.1 లక్షల కోట్ల రకాలు వస్తాయి. వేరుశనగ జీనోమ్ మొత్తం దాదాపు 270 కోట్ల అక్షరాలు. అంటే మన 20 అక్షరాల మాట అనుకోకుండా ఇంకో చోట కనిపించే ఛాన్స్ చాలా తక్కువ ఉండాలి.

లెక్క కరెక్టే. కానీ అది అక్షరాలు ఇష్టం వచ్చినట్టు చల్లేసి ఉంటేనే నిజం. జీనోమ్ అలా ఉండదు. ఒకే వాక్యం వేల చోట్ల తిరిగి తిరిగి వస్తుంది. వీటిని రిపీట్స్ అంటాం. మనిషి జీనోమ్‌లో దాదాపు సగం ఇవే. గోధుమలో అయితే 85 శాతం దాకా ఇవే. రిపీట్ మీద ప్రైమర్ పెడితే, "రాముగారి ఇల్లు ఎక్కడండీ" అని ఊళ్లో అడిగినట్టే. పది మంది రాములు ఉన్న ఊళ్లో పది ఇళ్లూ చూపిస్తారు.

రిపీట్స్ సమస్యకి మందు పాతదే. రిపీట్‌మాస్కర్ లాంటి ప్రోగ్రామ్ ఆ భాగాలను గుర్తించి, చిన్న అక్షరాలుగానో, ఎన్ అనే గుర్తుగానో మార్చేస్తుంది. ఆ భాగాల్లో ప్రైమర్ పెట్టొద్దని డిజైన్ టూల్‌కి చెప్తే సరిపోతుంది.

రెండో సమస్య దీనికంటే మొండిది. దాని పేరు పాలీప్లాయిడీ.

వేరుశనగలో ఇద్దరు కాపురం ఉన్నారు

తెలంగాణలో పల్లీలు అంటాం, రాయలసీమలో బుడ్డలు అంటారు. మనం తినే వేరుశనగ రెండు అడవి జాతులు కలవడం వల్ల పుట్టింది. ఒకటి అరాకిస్ డ్యురానెన్సిస్, రెండోది అరాకిస్ ఐపయెన్సిస్. దక్షిణ అమెరికాలో వేల ఏళ్ల కిందట ఈ రెండూ కలిసి, రెండింటి క్రోమోజోములూ అలాగే ఒకే మొక్కలో ఉండిపోయాయి. అటు నుంచి 20, ఇటు నుంచి 20, మొత్తం 40. మొదటి దాన్ని ఏ జీనోమ్ అంటాం, రెండో దాన్ని బీ జీనోమ్ అంటాం. అందుకే వేరుశనగలో దాదాపు ప్రతి జీన్‌కీ ఒక జంట ఉంటుంది. ఏ వైపు ఒకటి, బీ వైపు ఒకటి. రెండూ దగ్గరి చుట్టాలు కాబట్టి అక్షరాలు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి.

మన పొలాల్లో పత్తి కూడా ఇలాంటిదే, అందులోనూ రెండు జీనోమ్‌లు ఉంటాయి. రొట్టె గోధుమలో అయితే మూడు: ఏ, బీ, డీ. దాని జీనోమ్ 1,600 కోట్ల అక్షరాలకు పైనే, మనిషి జీనోమ్‌కి ఐదు రెట్లు. దాని పూర్తి రిఫరెన్స్ 2018లో గానీ అచ్చు కాలేదు.

ఇప్పుడు అసలు కేసు చూద్దాం. దీంట్లో ప్రైమర్ తప్పితే ఏం పోతుందో క్లియర్‌గా కనిపిస్తుంది.

ముక్క వాసన వెనక ఉన్న జీన్

డబ్బాలో చాలా రోజులు పెట్టిన పల్లీలు ముక్క వాసన కొడతాయి, పల్లీ పట్టీ చేదెక్కుతుంది. కారణం అందులోని నూనె. వేరుశనగ నూనెలో ఒలిక్ ఆమ్లం, లినోలిక్ ఆమ్లం అని ముఖ్యంగా రెండుంటాయి. లినోలిక్‌కి గాలి తగిలితే తొందరగా పాడవుతుంది. ఒలిక్ గట్టిది. మొక్కలో ఒలిక్‌ని లినోలిక్‌గా మార్చే ఎంజైమ్‌ని తయారు చేసే జీన్ పేరు ఫ్యాడ్2. ఇది పని చేయకపోతే ఒలిక్ అలాగే మిగిలిపోతుంది. మామూలు రకాల్లో సుమారు సగం ఉండే ఒలిక్, ఇలాంటి రకాల్లో 80 శాతం దగ్గరికి వెళ్తుంది. నూనె ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఫ్యాక్టరీ వాళ్లు అలాంటి కాయలు అడుగుతారు.

వేరుశనగ కాబట్టి ఫ్యాడ్2 కూడా జంటగానే ఉంది: ఫ్యాడ్2ఏ, ఫ్యాడ్2బీ. ఒకటి చెడితే రెండోది పని చేస్తూనే ఉంటుంది. రెండూ చెడితేనే హై ఒలిక్. ఫ్యాడ్2ఏలో 448వ స్థానంలో జీ బదులు ఏ వస్తుంది. ఫ్యాడ్2బీలో 441, 442 స్థానాల మధ్య ఒక ఏ అదనంగా దూరుతుంది. చూశారా, మొత్తం కథ రెండు అక్షరాల మీద నడుస్తోంది.

మామూలు రకాన్ని హై ఒలిక్ రకంతో సంకరం చేస్తే, రెండో తరంలో రెండు జీన్లూ పూర్తిగా మార్పు చెందిన మొక్కలు లెక్క ప్రకారం 16లో 1. 160 మొక్కలు వేస్తే సుమారు 10. ఆ పదింటినీ మొలక దశలోనే ఆకు డీఎన్‌ఏతో పట్టుకోవడం బ్రీడర్ పని. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన సంస్థ కలిసి తెచ్చిన గిర్నార్ 4, గిర్నార్ 5 హై ఒలిక్ రకాలే. ఇలాంటి పనిలో డీఎన్‌ఏ మార్కర్లే కళ్లు.

ఇప్పుడు చిక్కు. రెండు ఫ్యాడ్2ల కోడింగ్ భాగాలు 99 శాతం ఒకటే. మీ ప్రైమర్లు రెండింటినీ పట్టుకున్నాయి అనుకోండి. ఏ కాపీలో పూర్తిగా మార్పు ఉన్న మొక్కని టెస్ట్ చేశారు. ఏ కాపీ నుంచి "ఏ" అక్షరం వస్తుంది, బీ కాపీ నుంచి అదే చోట "జీ" వస్తుంది. మీకు రెండూ కలిసి కనిపిస్తాయి. ఇంకో మొక్కలో ఏ కాపీ సగమే మారింది. అక్కడా ఏ, జీ రెండూ కనిపిస్తాయి. మీకు కావాల్సిన మొక్క, అక్కర్లేని మొక్క రెండూ స్క్రీన్ మీద ఒకేలా ఉన్నాయి. సైజు కూడా ఒకటే కాబట్టి జెల్ మీద బ్యాండ్ ఒక్కటే. అంత నీట్ బ్యాండ్ చూసి ఎవరికీ డౌట్ రాదు.

ప్రైమర్ ఆర్డర్ చేయడం చవకే. ఖరీదైంది సీజన్. తప్పు మొక్కలు ఉంచుకుని, సరైనవి పీకేస్తే, అది తెలిసేసరికి కాయ కోతకి వస్తుంది. ఎంఎస్సీ ప్రాజెక్ట్ చేసేవాళ్లకి ఒక సీజన్ అంటే ప్రాజెక్ట్ మొత్తం.

ఏ టూల్ ఏం చేస్తుంది?

చాలామంది అన్ని టూల్స్ ఒకటే అనుకుంటారు. ఒక్కోదాని పని వేరు.

మొదటిది ప్రైమర్3. ఉచితం, ఓపెన్ సోర్స్. మీరు ఇచ్చిన వరుసలో మంచి ప్రైమర్ జత వెతుకుతుంది. పొడవు 20 దగ్గర, కరిగే ఉష్ణోగ్రత 60 డిగ్రీల దగ్గర, జీ-సీ శాతం మధ్యస్థంగా, ప్రైమర్ తనలో తాను మడత పడకుండా, రెండు ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తుంది. అయితే దానికి తెలిసింది మీరు ఇచ్చిన ముక్క మాత్రమే. మిగతా 270 కోట్ల అక్షరాల్లో ఏముందో దానికి తెలియదు. ఈ ఒక్క పాయింట్ మర్చిపోవడం వల్లే చాలా ప్రైమర్లు ఫెయిల్ అవుతాయి.

రెండోది ప్రైమర్-బ్లాస్ట్. అమెరికాలోని ఎన్‌సీబీఐ నడుపుతుంది, ఫోన్ బ్రౌజర్‌లో కూడా ఓపెన్ అవుతుంది. లోపల ప్రైమర్3తోనే ప్రైమర్లు వెతికి, తర్వాత వాటిని డేటాబేస్ మొత్తం మీద బ్లాస్ట్ చేసి, ఇంకెక్కడ అతుక్కుంటాయో చూస్తుంది. మామూలు బ్లాస్ట్ బాగా కలిసిన భాగాన్నే చూపించి తోక దగ్గర తేడాను వదిలేయొచ్చు. ప్రైమర్-బ్లాస్ట్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రైమర్ మొత్తాన్ని పోల్చి చూస్తుంది.

ఇక్కడ రెండు సెట్టింగ్స్ చూసుకోండి. ఒకటి, పేజీ ఓపెన్ చేయగానే ఆర్గానిజం బాక్స్‌లో హోమో సేపియన్స్ అని ఉంటుంది, డేటాబేస్ ఎంఆర్‌ఎన్‌ఏది ఉంటుంది. అలాగే బటన్ నొక్కితే, మీ వేరుశనగ ప్రైమర్‌ని మనిషి ఎంఆర్‌ఎన్‌ఏ మీద చెక్ చేసి "ఏ ఇబ్బందీ లేదు" అంటుంది. ఆర్గానిజం అరాకిస్ హైపోజియాకి మార్చి, డేటాబేస్ జీనోమ్‌కి మార్చండి. రెండు, అక్కర్లేని చోట్లతో కనీసం 2 అక్షరాల తేడా తోక చివరి 5 అక్షరాల్లో ఉండాలని అది ముందే పెట్టుకున్న రూల్. జంట జీన్లలో అంత తేడా దొరకడం కష్టం. అందుకే చాలాసార్లు "స్పెసిఫిక్ ప్రైమర్లు దొరకలేదు" అంటుంది. అక్కడ టూల్ మీద విసుక్కోకండి, అది నిజమే చెప్తోంది. ఇక పని మన చేతికి వచ్చిందని అర్థం.

మూడోది అలైన్‌మెంట్ టూల్స్: మాఫ్ట్, క్లస్టల్ ఒమేగా. ఇవి ప్రైమర్ డిజైన్ చేయవు. అన్ని కాపీలనూ ఒకదాని కింద ఒకటి పేర్చి, ఏ నిలువు వరుసలో తేడా ఉందో చూపిస్తాయి. పాలీప్లాయిడ్‌లో నా దృష్టిలో అసలైన ప్రైమర్ టూల్ ఇదే.

నాలుగోది పాలీమార్కర్. గోధుమ కోసం 2015లో వచ్చింది. మీరు ఒక ఎస్‌ఎన్‌పీ, దాని చుట్టూ ఉన్న వరుస ఇస్తే, మూడు జీనోమ్‌లలోని కాపీలు వెతికి, అలైన్ చేసి, మీకు కావాల్సిన కాపీలో మాత్రమే ఉన్న అక్షరం ఎక్కడుందో గుర్తించి, అక్కడ ప్రైమర్ పెడుతుంది. అది పూర్తిగా స్పెసిఫికా, సగం స్పెసిఫికా, అసలు కాదా అన్నది కూడా చెప్తుంది. ఇప్పుడు మనం చేత్తో చేయబోయే పని అది ఆటోమేటిక్‌గా చేస్తుందన్నమాట.

నేనైతే ఈ వరుసలో వెళ్తాను

ఒకటి. మీ జీన్‌ని జీనోమ్ మొత్తం మీద బ్లాస్ట్ చేసి అన్ని కాపీలూ తెచ్చుకోండి. వేరుశనగకి పీనట్‌బేస్ అనే సైట్ ఉంది, గోధుమకి ఎన్‌సెంబుల్ ప్లాంట్స్ ఉంది. ఏ కాపీ, బీ కాపీతో ఆగకండి. పోలికలున్న మూడో చుట్టం ఎవరైనా ఉంటే వాళ్లనీ తీసుకోండి.

రెండు. జీన్ ఒక్కటే తీసుకోవద్దు. అటు ఇటు వెయ్యేసి అక్షరాలు కూడా తీసుకోండి. ప్రోటీన్‌ని రాసే భాగం మారితే మొక్కకి నష్టం కాబట్టి అక్కడ తేడాలు తక్కువ మిగులుతాయి. జీన్ పైన, కింద, ఇంట్రాన్లలో మారినా పెద్దగా నష్టం ఉండదు కాబట్టి అక్కడ తేడాలు ఎక్కువ పోగవుతాయి. ఫ్యాడ్2కి కూడా జీన్‌కి పైభాగంలో ప్రైమర్ పెట్టే ఏ, బీ కాపీలను విడదీశారు.

మూడు. మాఫ్ట్‌లో అలైన్ చేసి, మీ కాపీ మిగతా అన్నింటితో తేడాగా ఉన్న స్థానాలు గుర్తు పెట్టుకోండి. పక్కపక్కనే రెండు మూడు తేడాలు దొరికితే అదృష్టమే.

నాలుగు. ప్రైమర్3లో ప్రైమర్ ఫలానా స్థానంలోనే ముగియాలి అని చెప్పే ఆప్షన్ ఉంది. తోక చివరి అక్షరం సరిగ్గా ఆ తేడా మీద పడేలా పెట్టండి. జతలో ఒక ప్రైమర్ స్పెసిఫిక్‌గా ఉన్నా పని జరుగుతుంది, రెండూ ఉంటే ఇంకా మంచిది. ఒక్క అక్షరం తేడానే ఉంటే, తోక నుంచి మూడో అక్షరాన్ని కావాలనే తప్పుగా పెట్టే పాత టెక్నిక్ ఉంది. సరైన కాపీ మీద ఒక తప్పుతో ప్రైమర్ నెట్టుకొస్తుంది, తప్పు కాపీ మీద రెండు తప్పులతో జారిపోతుంది.

ఐదు. ఆ జతను ప్రైమర్-బ్లాస్ట్‌లో "నా సొంత ప్రైమర్లు" అని ఇచ్చి, జీనోమ్ మొత్తం మీద చెక్ చేయండి. రెండో కాపీ లిస్టులో కనిపిస్తే భయపడకండి. తేడా తోకలో ఉందా, మొదట్లో ఉందా చూడండి. మొదట్లో ఉంటే ఆ ప్రైమర్ పనికిరాదు.

ఆరు. రిఫరెన్స్ జీనోమ్ ఒక్క రకానిది. వేరుశనగలో ఎక్కువగా వాడేది అమెరికా రకం టిఫ్‌రన్నర్. మీ చేతిలో ఉన్నది కదిరి 6 అనుకోండి. ప్రైమర్ కూర్చునే చోట రెండింటికీ తేడా ఉండొచ్చు. అప్పుడు కాపీ ఉన్నా బ్యాండ్ రాదు. మీ రకం సీక్వెన్స్ దొరికితే అలైన్‌మెంట్‌లో అదీ కలపండి.

ఏడు. ఒకే జత మీద ఆశ పెట్టుకోకండి. రెండు మూడు జతలు ఆర్డర్ చేయండి. కరిగే ఉష్ణోగ్రతను ఒక టూల్‌లో ఒకటి, ఇంకో టూల్‌లో ఇంకోటి చూసి పోల్చకండి. ఒక్కో టూల్ ఫార్ములా, ఉప్పు లెక్క వేరు. ఒకే ప్రైమర్‌కి నాలుగైదు డిగ్రీల తేడా చూపించగలవు.

స్క్రీన్ మీద పాసైంది, ల్యాబ్‌లో?

సాఫ్ట్‌వేర్ చెప్పేది అంచనా. రుజువు ల్యాబ్‌లోనే దొరుకుతుంది. మూడు పరీక్షలు చెప్తాను.

మొదటిది, పూర్వీకుల పరీక్ష. డ్యురానెన్సిస్‌లో ఏ జీనోమ్ మాత్రమే ఉంటుంది, ఐపయెన్సిస్‌లో బీ మాత్రమే ఉంటుంది. మీ ఏ స్పెసిఫిక్ ప్రైమర్ మొదటి దాంట్లో బ్యాండ్ ఇచ్చి, రెండో దాంట్లో ఇవ్వకూడదు. గోధుమవాళ్లకి ఇంకా పాత సౌకర్యం ఉంది. చైనీస్ స్ప్రింగ్ రకంలో ఒక్కో క్రోమోజోమ్ జత లేని మొక్కలు తయారుచేసి పెట్టారు. ఏ క్రోమోజోమ్ లేనప్పుడు బ్యాండ్ మాయమైతే మీ ప్రైమర్ దానిదే.

రెండోది, బ్యాండ్‌ని సీక్వెన్సింగ్‌కి పంపడం. గ్రాఫ్‌లో ఒకే చోట రెండు రంగుల శిఖరాలు పదే పదే కనిపిస్తే, రెండు కాపీలూ కలిసి వచ్చినట్టు.

మూడోది డేటా పరీక్ష, ఖర్చు లేనిది. వేరుశనగ తనతో తానే పరాగసంపర్కం చేసుకునే పంట. స్థిరపడిన రకంలో రెండు రూపాలూ కలిసి కనిపించడం అరుదు. మీ మార్కర్ ప్రతి మొక్కలోనూ "రెండూ ఉన్నాయి" అంటే, మీ మొక్కలన్నీ సంకరాలు అనుకోకండి. మీ ప్రైమర్ రెండు ఇళ్ల తలుపులూ తడుతోంది.

ఇంకో చిన్న జాగ్రత్త. తోక అక్షరం మీద ఆధారపడే ప్రైమర్లకి మామూలు టాక్ వాడండి. తప్పులు దిద్దే హై ఫిడెలిటీ ఎంజైమ్‌లు కలవని తోక అక్షరాన్ని కొరికేసి, సరిచేసి, అల్లిక మొదలుపెట్టేస్తాయి. అంత కష్టపడి పెట్టిన తేడా అక్కడితో గల్లంతు. బ్యాండ్ రెండు కాపీల నుంచీ వస్తుంటే, అతికే ఉష్ణోగ్రతను గ్రేడియెంట్‌లో ఒక్కో డిగ్రీ పెంచి చూడండి.

ఇది మొక్కల గొడవేనా?

మనుషుల్లోనూ ఇదే. స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ అని పసిపిల్లల కండరాలు బలహీనపడే జబ్బు ఉంది. ఈ పిల్లల్లో చాలామందికి ఎస్‌ఎంఎన్1 అనే జీన్‌లో ముఖ్యమైన భాగం ఉండదు. దాని పక్కనే ఎస్‌ఎంఎన్2 అనే దాదాపు కవల జీన్ ఉంటుంది. రెండింటినీ వేరు చేసే కీలకమైన తేడా ఏడో ఎక్సాన్‌లో ఒక్క అక్షరం: అక్కడ సీ, ఇక్కడ టీ. ఆ తేడా పట్టించుకోని టెస్ట్ చేస్తే, కవల జీన్‌ని చూసి "జీన్ బాగానే ఉంది" అని రిపోర్ట్ వస్తుంది. వేరుశనగలో పోయేది ఒక సీజన్. ఇక్కడ పోయేది మందు మొదలుపెట్టాల్సిన టైం.

కాబట్టి కొత్త జీనోమ్‌లో ప్రైమర్ డిజైన్ చేసేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఈ జీన్‌కి మొత్తం కాపీలు ఎన్ని? నా కాపీకి మాత్రమే ఉన్న అక్షరం ఏది? నా ప్రైమర్ తోక దాని మీదే ఉందా? మూడింటికీ జవాబు ఉంటే, ఉచిత టూల్స్‌తో, చేతిలో ఉన్న ఫోన్‌తో కూడా ఈ పనిలో సగం పూర్తిచేయొచ్చు.

ఇంట్రెస్ట్ ఉన్నవాళ్లు ఈ రాత్రికే ప్రైమర్-బ్లాస్ట్ ఓపెన్ చేసి, మీరు ల్యాబ్‌లో వాడుతున్న ప్రైమర్ జతనే ఇచ్చి చూడండి. ఆర్గానిజం మార్చడం మాత్రం మర్చిపోకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.